లొట్టి పోయి ప్లాస్టిక్ వచ్చాక



పల్నాటిలో తాడిచెట్టు, ఈతచెట్టు ఎరగని వాళ్లుండరు. ఎండాకాలం వస్తే ముంజలు, తెల్లవారుజామున నీరా, పొద్దెక్కితే కల్లు. అయితే ఇవాళ నేను మాట్లాడబోయేది చెట్టు గురించి కాదు, కల్లు గీత గురించి అంతకన్నా కాదు. చెట్టు నుంచి దించిన నీరాను పోసి, మోసి, నిలవపెట్టే ప్లాస్టిక్ క్యాను గురించి, డ్రమ్ము గురించి. దాన్ని కడిగే తీరు గురించి. ఇంత చిన్న సంగతికి రేడియోలో ప్రసంగమా అనుకోకండి. నీరా తియ్యగా నిలబడుతుందా, రెండు గంటల్లో పులిసిపోతుందా, తాటిబెల్లం గట్టిగా అచ్చు కడుతుందా, పాకంలోనే సాగిపోయి ముద్దవుతుందా అన్నది చాలావరకు ఆ క్యాను లోపలి గోడ మీదే తేలిపోతుంది.

ముందు నీరా సంగతి చూద్దాం. చెట్టు గెల నుంచి బొట్టుబొట్టుగా కారే ఆ రసంలో నూటికి 10 నుంచి 12 పాళ్లు చక్కెరే ఉంటుంది. పులుపు దాదాపు ఉండదు. అంటే ఈస్టుకూ బాక్టీరియాకూ అంతకన్నా మంచి మేత దొరకదు. గాలిలో నుంచి, ఈగల కాళ్ల నుంచి, గెల కోసిన కత్తి నుంచి ఈస్టు వచ్చి చేరుతుంది. చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది. దాని వెనకే మరో రకం బాక్టీరియా వచ్చి ఆ ఆల్కహాలును పులుపుగా మారుస్తుంది. పొద్దున తియ్యని నీరా, మధ్యాహ్నానికి కల్లు, మర్నాటికి పుల్లటి నీళ్లు కావడానికి కారణం ఇదే. కల్లు గీసే వాళ్లకు ఈ లెక్క బాగా తెలుసు. తొందరగా పొంగాలంటే లొట్టిలో, అంటే చెట్టుకు కట్టే మట్టి కుండలో, నిన్నటి కల్లు కాస్త అడుగున ఉండనిస్తారు. అదే తోడు. కల్లుకు తోడైనదే నీరాకు శత్రువు. ఒకే పాత్రను నిన్న కల్లుకూ ఇవాళ నీరాకూ వాడితే ఏమవుతుందో ఇక చెప్పక్కర్లేదు.

నీరాను నీరాగానే దించడానికి మన పెద్దలు పట్టుకున్న ఉపాయం సున్నం. లొట్టి లోపల సున్నం పూసి చెట్టుకు కడతారు. సున్నపు తేట పీహెచ్ 12 దాటి ఉంటుంది. అంత క్షారంలో ఈస్టు తల ఎత్తలేదు. ఆ సున్నానికి పల్నాటి వాళ్లు ఎక్కడికో పోనక్కర్లేదు. మన నేల కింద చాలా మేర సున్నపురాయే. పిడుగురాళ్ల బట్టీల్లో కాల్చిన సున్నం రాష్ట్రమంతా పోతుంది. ఆ ఊరిని లైమ్ సిటీ అంటారన్నది మీకు తెలిసిందే.

సున్నం ఒక్కటే కాదు, మట్టి లొట్టికి చేసే సేవ ఇంకా చాలా ఉండేది. మట్టికి సన్నని రంధ్రాలుంటాయి. వాటిలో ఈస్టు దాక్కుంటుంది. అందుకే లొట్టిని కడిగి ఎండలో బోర్లించేవాళ్లు. బెంగాలులో ఈత రసం దించే గాఛీలు ఇప్పటికీ కుండను పొగ మీద, మంట మీద పట్టి లోపలంతా కాల్చి ఆరబెడతారు. ఎండ, మంట, సున్నం అనే మూడు కాపలాలు ఉండేవి. మరి లొట్టి పోయి ప్లాస్టిక్ వచ్చాక ఏమైంది? మంట మీద పెట్టలేం, కరిగిపోతుంది. రోజూ ఎండలో వదిలేస్తే పెళుసెక్కి పగులుతుంది. నున్నటి గోడకు సున్నం పట్టదు, ఆరగానే పెచ్చులుగా రాలి అడుగుకు చేరుతుంది. పాత కాపలాలు మూడూ పోయాయి. వాటి బదులు కొత్తది ఒక్కటైనా పెట్టుకోలేదు. నా బాధంతా అక్కడే. ప్లాస్టిక్ చెడ్డదని నేననను. తేలిక, పగలదు, చెట్టు మీది నుంచి జారినా నష్టం లేదు, చూరులో కోతి తోసినా ముక్కలు కాదు. మంచి ప్లాస్టిక్ గోడకు రంధ్రాలుండవు కాబట్టి సరిగ్గా కడిగితే మట్టికన్నా శుభ్రంగా ఉంటుంది కూడా. సరిగ్గా కడిగితే అన్న మాట దగ్గరే అందరం ఆగిపోతున్నాం.

క్యాను ఖాళీ చేసి, రెండు చెంబుల నీళ్లు పోసి, ఊపి పారబోయడం కడగడం కాదు. ఖాళీ అయిన క్యానులోకి చెయ్యి పెట్టి వేలితో గోడను తాకి చూడండి. జారుగా, కొంచెం జిగురుగా తగిలితే అది కంటికి కనబడని పొర. చక్కెరను తిని జిగురు తయారు చేసే బాక్టీరియా ఒకటుంది, శాస్త్రజ్ఞులు దాన్ని ల్యూకోనోస్టాక్ అంటారు. నీరా ఒక్కోసారి తీగలా సాగడానికి కారణం అదే. అది తన చుట్టూ తానే జిగురు కోట కట్టుకుంటుంది. ఆ కోటలో లక్షల జీవులు గోడను అంటిపెట్టుకుని ఉంటాయి. దాని మీద మీరు ఎంత బ్లీచింగ్ పోసినా, క్లోరిన్ ఆ జిగురుతోనే కాట్లాడి అయిపోతుంది. లోపలున్న జీవి దాకా చేరదు. మర్నాడు పొద్దున కొత్త నీరా పోయగానే కోట తలుపులు తెరుచుకుంటాయి.

ఇక్కడ పల్నాటి ఎండ సంగతి కూడా చెప్పాలి. రాష్ట్రంలో ఎండలకు పేరుపడ్డ రెంటచింతల మన పక్కనే ఉంది. అలాంటి వేడిలో అనువైన మేత దొరికిన బాక్టీరియా కొన్ని 20 నిమిషాలకొకసారి రెండింతలవుతాయి. ఒక్క జీవి మిగిలినా నాలుగు గంటల్లో 4,096 అవుతుంది. అదే లక్ష మిగిలితే ఎన్ని అవుతాయో మీరే లెక్క వేసుకోండి. అందుకే చల్లటి ప్రాంతాల్లో సరిపోయే కడుగుడు మనకు సరిపోదు.

మరి ఎలా కడగాలి? మొదటి నియమం వేళకు సంబంధించింది. ఖాళీ అయిన వెంటనే, అంటే నీరా ఒంపి పక్కన పెట్టిన ఆ నిమిషంలోనే మామూలు చల్లటి నీళ్లతో తొలిచి పారబోయాలి. సాయంత్రం తీరిగ్గా కడుగుదాం అనుకుంటే, అప్పటికి చక్కెర ఎండి గోడకు వార్నీషులా పట్టుకుంటుంది. పచ్చిగా ఉన్నప్పుడు ఒక చెంబు నీళ్లు చేసే పని, ఎండాక ఒక బిందె చేయదు. ఈ ఒక్క అలవాటు చేసుకున్నా సగం గెలిచినట్టే.

తర్వాత వాషింగ్ సోడా. కిరాణా కొట్లో దొరికే సోడానే. పది లీటర్ల గోరువెచ్చటి నీళ్లకు ఓ గుప్పెడు వేసి కరిగించండి. చెయ్యి పట్టగలిగే వేడి చాలు, మసలే నీళ్లు పోస్తే డ్రమ్ము వంగుతుంది. ఆ నీళ్లు క్యానులో పోసి పది, పదిహేను నిమిషాలు ఉంచి మెత్తటి బ్రష్షుతోనో, గుడ్డతోనో లోపలంతా రుద్దాలి. సోడా జిగురును వదులు చేస్తుంది. ఒక మాట, అక్కలూ, స్టీలు పీచు మాత్రం వద్దు. గిన్నెలు తోమిన చేతికి అదే అలవాటు. స్టీలు పీచు ప్లాస్టిక్ మీద గీతలు పెడుతుంది. ఆ గీతల్లో బ్రష్షు పోదు, క్లోరిన్ సరిగా పోదు, బాక్టీరియా మాత్రం నిక్షేపంగా కాపురం ఉంటుంది. ఇప్పటికే లోపల గీతలు పడి తెల్లబారిన క్యాను ఉంటే దాన్ని పశువుల నీళ్లకో, ఇంకో పనికో పెట్టేయండి, నీరాకు వద్దు. ఇంకో సంగతి, ఈ సోడా అల్యూమినియం క్యాన్లను తినేస్తుంది. పాల కేంద్రానికి పాలు పోసే క్యాను అల్యూమినియందైతే దానికి వాడకండి. సున్నం కలిసిన నీరాను అల్యూమినియం పాత్రలో నిలవ పెట్టడమూ అందుకే పనికిరాదు.

గోడలు అందరూ రుద్దుతారు. ఎవరూ రుద్దనివి మూత మరలు, మూతలోని వాషరు, అడుగున బిగించిన కుళాయి. నేను చూసినంతలో కంపు ముందు పుట్టేది కుళాయిలోనే. నీరా ఒంపేశాక కూడా కుళాయి గొట్టంలో ఓ చెంచాడు మిగిలి ఉంటుంది. అది రోజంతా పులుస్తుంది. మర్నాడు పట్టే మొదటి గ్లాసు దాని మీదుగానే వస్తుంది. కాబట్టి కుళాయి ఊడదీసి, విడగొట్టి, పాత టూత్ బ్రష్షుతో లోపల తోమాలి. వాషరు పీకి దాని వెనక చూడండి. నల్లగా ఉంటే మార్చేయండి, పది రూపాయల వాషరు కోసం పోయే నీరా ఖరీదు ఎక్కువ. అందుకే కొత్తగా కొనేవాళ్లకు నా సలహా ఇది. 200 లీటర్ల డ్రమ్ము ఒకటి కొనే బదులు మోచేయి దాకా దూరే వెడల్పు మూతి ఉన్న 20 లీటర్ల క్యాన్లు పది కొనుక్కోండి. చెయ్యి చేరని పాత్రను కడగడం ఎవరి తరమూ కాదు. పైగా ఒక్క క్యాను పులిసినా తొమ్మిది మిగులుతాయి.

సోడా నీళ్లు పారబోసి మంచినీళ్లతో రెండు సార్లు తొలిచాక అప్పుడు బ్లీచింగ్. దీన్ని ముందు చేస్తే దండగ, చివర చేస్తేనే పని. పది లీటర్ల నీళ్లకు మంచి బ్లీచింగ్ పౌడరు 7 గ్రాములు, అంటే సమంగా తీసిన రెండు చిన్న టీ చెంచాలు. ముందు ప్లాస్టిక్ మగ్గులో కొద్ది నీళ్లతో కలిపి, తెల్లటి మడ్డి అడుగుకు దిగాక పై తేట మాత్రం వాడండి. ద్రవం వాడితే నూటికి 4 పాళ్ల సోడియం హైపోక్లోరైట్ 50 మిల్లీలీటర్లు. వాసన కలపనిది, సబ్బు కలపనిది కావాలి. రెండింటిలో ఏది వాడినా లీటరుకు దాదాపు 200 మిల్లీగ్రాముల క్లోరిన్ వస్తుంది. గోడంతా, మూతంతా తడిసేలా పోసి పది నిమిషాలు ఉంచాలి. కుళాయి తిప్పి ఆ నీళ్లు కాస్త బయటికి పోనివ్వాలి.

బ్లీచింగ్ పౌడరు కొనేటప్పుడూ దాచేటప్పుడూ జాగ్రత్త కావాలి. మూతి విప్పి నెలలుగా ఉన్న సంచి, ముక్కుకు ఘాటు తగలని పొడి, ముద్ద కట్టిన పొడి సున్నంతో సమానం. మన ఎండకు అది మరీ తొందరగా నిర్వీర్యమవుతుంది. నీడలో, గట్టి మూత ఉన్న డబ్బాలో, తడి తగలకుండా ఉంచాలి. కలిపిన నీళ్లు మాత్రం ఏ రోజువి ఆ రోజే.

సున్నం వాడేవాళ్లకు ప్రత్యేకంగా ఇంకో మాట. క్యాను అడుగున సున్నం మిగిలి ఉండగా బ్లీచింగ్ పోయకండి. క్లోరిన్ జీవులను బాగా చంపాలంటే నీరు మరీ క్షారంగా ఉండకూడదు. సున్నం కలిస్తే క్లోరిన్ బలం చాలా తగ్గిపోతుంది. వాసన వస్తూనే ఉంటుంది, పని మాత్రం జరగదు. రెండూ మంచివే కదా, రెండూ కలిపితే ఇంకా మంచిదనుకోవడం సహజం. ఇక్కడ అది చెల్లదు. మరి బోరు నీళ్ల వల్ల గోడ మీద తెల్లటి ఉప్పు పొర పట్టి ఉంటే? దాన్ని తీయడానికి నిమ్మ ఉప్పో, వెనిగరో కావాలి. అది వేరే రోజు పని. ఎందుకంటే బ్లీచింగ్‌కు పులుపు తగిలిందా, విషవాయువు లేస్తుంది. నిమ్మ ఉప్పు, వెనిగరు, మరుగుదొడ్డి కడిగే యాసిడ్, వీటిలో ఏదీ బ్లీచింగ్ దరిదాపుల్లో ఉండకూడదు. అలా లేచే క్లోరిన్ వాయువు గాలికన్నా బరువు, పోకుండా డ్రమ్ము అడుగునే కూర్చుంటుంది. తల లోపలికి వంచి రుద్దే మనిషి ముక్కుకే ముందు తగులుతుంది. పెద్ద ట్యాంకులోకి దిగి కడగాల్సి వస్తే ఒంటరిగా దిగవద్దు. పైన మనిషి ఉండాలి, మూత తీసి గాలి ఆడనిచ్చాకే దిగాలి. పిల్లలను దించవద్దు. మూతి ఇరుకు కదా, సన్నగా ఉన్నాడు దూరతాడు అని అసలే దించవద్దు.

చివరి తొలుపు తాగే నీళ్లతోనే. చెరువు నీళ్లతోనో, కాలవ నీళ్లతోనో తొలిస్తే అప్పటిదాకా చేసిందంతా పోయినట్టే. తర్వాత బోర్లించి, నేలకు తగలకుండా రెండు కర్రల మీద, నీడలో గాలికి ఆరబెట్టాలి. ఆరడం అన్నది అలంకారం కాదు. తడి లేని చోట బాక్టీరియా పెరగదు. మూత బిగించి తడితడిగా దాచిన క్యాను, ఎంత బాగా కడిగినా, వారానికి కంపు కొడుతుంది.

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. అమెరికా, కెనడాల్లో మేపుల్ అనే చెట్టు ఉంది. చలికాలం పోయే వేళ, రాత్రి గడ్డకట్టే చలి, పగలు కాస్త వెచ్చన ఉండే రోజుల్లో దాని మానుకు చిన్న రంధ్రం వేసి రసం పడతారు. ఆ రసంలో చక్కెర నూటికి 2 పాళ్లే. ఒక లీటరు పాకం కావాలంటే 40 లీటర్ల రసం కాయాలి. మన నీరాతో పోలిస్తే పలచటి నీళ్లు. అయినా అక్కడి రైతులు ప్లాస్టిక్ గొట్టాలు, ప్లాస్టిక్ ట్యాంకులు కడగడం మీద పెట్టే శ్రద్ధ చూస్తే ముచ్చటేస్తుంది. బ్లీచింగ్ వాడాక సరిగా తొలవకపోతే గొట్టంలో మిగిలిన ఉప్పు రుచి మరిగి ఉడతలు వచ్చి గొట్టాలు కొరికేస్తాయట. అందుకని వాళ్లు మళ్లీ మళ్లీ తొలుస్తారు. వాళ్లకు రాత్రి చలి కాపలా కాస్తుంది. మనకు ఆ అదృష్టం లేదు కాబట్టి చలిని మనమే తెచ్చుకోవాలి. కాసరగోడులోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ వాళ్లు కొబ్బరి రసానికి మంచు గడ్డల పెట్టెను తయారు చేశారు. చెట్టు మీదే రసం ఐసు మధ్య చల్లగా దిగుతుంది, సున్నం అక్కర్లేదు. దానికి కల్పరస అని పేరు పెట్టారు. తాటి నీరా మీద మన రాష్ట్రంలో రంపచోడవరం దగ్గర పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానం పని చేస్తోంది. తాటిబెల్లం పరిశ్రమను గాంధీజీ గట్టిగా సమర్థించారు. ఆయన తర్వాత ఖాదీ గ్రామీణ పరిశ్రమల సంస్థ దాన్ని ముందుకు నడిపింది. హైదరాబాదులో 2023లో నీరా కేఫ్ కూడా తెరిచారు. గిరాకీ ఉంది. పల్నాటి గీత కార్మికుడు ఆ గిరాకీని అందుకోవాలంటే ముందు ఇంటి ముందర బోర్లించిన క్యాను దగ్గర మొదలుపెట్టాలి.

కడిగినా పోని దాని గురించి ఇప్పుడు గట్టిగా చెప్పాలి. పల్నాడు మిరప నేల, పత్తి నేల. ప్రతి పొలం గట్టునా పురుగుమందు డబ్బాలు దొరుకుతాయి. గట్టి ప్లాస్టిక్, మంచి మూత, పారేయడానికి మనసొప్పదు. తమ్ముళ్లారా, ఆ డబ్బాను నీరాకు గాని, తాగే నీళ్లకు గాని, నూనెకు గాని వాడొద్దు. మందు ప్లాస్టిక్ గోడ మీద ఉండిపోవడమే కాదు, గోడలోకి ఇంకుతుంది. సోడా, బ్లీచింగ్, ఎండ ఏదీ దాన్ని పూర్తిగా బయటికి లాగలేదు. తర్వాత మీరు పోసిన దానిలోకి అది కొంచెం కొంచెంగా దిగుతూనే ఉంటుంది. అలాంటి ఖాళీ డబ్బాలను మళ్లీ వాడకుండా పగలగొట్టాలని పురుగుమందుల నిబంధనలే చెబుతున్నాయి. పాత సామాన్ల కొట్లో దొరికే నీలం డ్రమ్ముల సంగతీ అంతే. ముందు అందులో ఏముందో అమ్మేవాడికే తెలియదు. డ్రమ్ము మీద పాత లేబులు చించి ఉంటే ఇంకా అనుమానించాలి. ఆహారానికి పనికొచ్చే డబ్బా అడుగున గ్లాసు, ఫోర్కు బొమ్మ ఉంటుంది, చూసి కొనండి. నీళ్ల ట్యాంకైతే ఐఎస్ 12701 అనే గుర్తు చూడండి.

గబ్బిలాల సంగతి కూడా ఒక్క ముక్క. బంగ్లాదేశ్‌లో 2005లో టాంగాయిల్ జిల్లాలో గబ్బిలాల నుంచి వచ్చే నిపా జబ్బు వచ్చినప్పుడు, పచ్చి ఈత రసం తాగిన వాళ్లకు అది సోకినట్టు తేలింది. రాత్రి గబ్బిలాలు వచ్చి కుండ మీద వాలి, మాను మీద గీసిన చోటును నాకి పోతాయి. ఎంత శుభ్రమైన క్యాను పెట్టినా పైనుంచి పడే దాన్ని ఆపలేదు. అక్కడ వెదురు బద్దల తడిక కుండ చుట్టూ, ఆ గీసిన చోటు చుట్టూ కట్టి గబ్బిలాన్ని దూరం ఉంచుతున్నారు. ఇక్కడా గెల మీద ఓ వల, మూతి మీద ఓ గుడ్డ కట్టడం పెద్ద పని కాదు.

నీరాతో సంబంధం లేని ఇళ్లల్లోనూ డాబా మీద నల్ల ట్యాంకో, వాకిట్లో డ్రమ్మో ఉంటుంది. సాగర్ కాలవ నీళ్లు వచ్చిన రోజు నింపి, రాని రోజులు గడుపుతాం. ఆ ట్యాంకుకూ పద్ధతి ఇదే. ఖాళీ చేసి, పాచినీ, అడుగున దిగిన ఒండునీ రుద్ది తీసి, అప్పుడు క్లోరిన్. 1,000 లీటర్ల ట్యాంకు నిండా నీళ్లు పోసి 170 గ్రాముల బ్లీచింగ్ పౌడరు తేట కలిపి ఒక రాత్రి ఉంచి, గొట్టాల్లో కూడా పారనిచ్చి, ఆ నీళ్లన్నీ వదిలేయాలి. వాటిని తాగకూడదు, గేదెలకూ పెట్టకూడదు. వాకిట్లో డ్రమ్ముకు మాత్రం వారానికోసారి గోడలు రుద్దే పని తప్పదు. డెంగీ దోమ గుడ్లు నీటి అంచున గోడకు అంటుకుంటాయి. నీళ్లు పారబోస్తే పోవు. నెలల తరబడి ఎండినా బతికి ఉండి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. శుక్రవారం డ్రై డే అంటూ ఆశా కార్యకర్తలు వచ్చి చెప్పేది ఇందుకే.

ట్యాంకు కడిగాక మళ్లీ నింపిన నీళ్లకు, పంచాయతీ నీళ్లలో అప్పటికే క్లోరిన్ లేకపోతే, 1,000 లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు తేట చాలు. అరగంట నుంచి గంట ఆగాలి. పంచాయతీలో నీళ్లు వదిలే వాళ్ల దగ్గర క్లోరిన్ పరీక్ష మందు ఉంటుంది. అడిగితే రెండు చుక్కలు వేసి చూపిస్తారు. లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉంటే నీళ్లు లేత పసుపు తిరుగుతాయి. రంగు రాకపోతే ట్యాంకులో ఇంకా మురికి ఉందన్నమాట. మరోసారి ఖాళీ చేసి, మొదట రుద్దడం నుంచే మొదలుపెట్టండి.